నాలుగో నంబరు ముక్కు

ఊళ్ళో సగం మందికి డ్రైవరమ్మ మొహం తెలుసు, కానీ తెలిసింది సగం మొహమే. పన్నెండేళ్ళుగా ఆవిడ స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తుంటే, బస్సెక్కేవాళ్ళు ఒక పక్క చెంప చూసి లోపలికి పోయేవాళ్ళు. ముక్కు మధ్యలో గూని లేచి, కొసన కిందికి వంగింది. గడ్డం మాత్రం మొహమాటపడి వెనక్కి తగ్గింది.

ఇన్నేళ్ళలో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదని, కొత్త బస్సు మీద ఆవిడ పక్కమొహం బొమ్మ వేయిస్తానన్నాడు డిపో మేనేజరు. ఫొటో తీయించాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఆ ముక్కు చూడగానే ఆయన మనసు పీకింది. ఫొటోని నల్లటి నీడగా మార్పించి, ఒకదాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, ఒకదాంట్లో ముక్కు చెక్కించి, ఇంకోదాంట్లో గడ్డం లాగించి, మొత్తం ఐదు నీడలు పాసుల కౌంటరు పక్కన అతికించాడు. ఎవరివో చెప్పలేదు. బాగున్నదానికి ఐదు మార్కులు, బాగాలేనిదానికి ఒకటి వేసి, చీటీ డబ్బాలో పడేయాలి. జనం చేత అనిపిస్తే తన చేతికి మసి అంటదని ఆయన ఎత్తు.

జనానికి పని దొరికింది. పాసు కోసం నిలబడ్డవాళ్ళు ఎవరి ముక్కు వాళ్ళు తడుముకుంటూ పరాయి ముక్కుకి తీర్పు చెప్పారు. డ్రైవరమ్మ కూడా ఒక మధ్యాహ్నం చీటీ రాసింది. నాలుగో నంబరుకి ఒక్క మార్కు వేసి, పాపం ఎవరో అనుకుని అన్నానికి వెళ్ళింది. తన పక్కమొహం తాను చూసుకున్నవాళ్ళు ఎంతమంది? అద్దం ఎప్పుడూ ఎదురు మొహమే చూపిస్తుంది.

డబ్బా తెరిచిన రోజు సాయంత్రం ఆవిడ కూతురు బడి నుంచి డిపోకి వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల, రోజూ ముందు సీట్లో కూర్చుని తల్లిని చూస్తూనే ఇల్లు చేరుతుంది. ఐదు నీడల ముందు ఆగీ ఆగకముందే వేలు పెట్టి చూపించింది.

"అమ్మా, నాలుగోది నువ్వే. నీకెన్ని మార్కులొచ్చాయి?"

అన్నిట్లోకీ తక్కువ నాలుగోదానికే వచ్చాయనీ, రెండో నంబరు గెలిచిందనీ, పొద్దున్నే ఆ బొమ్మే వేస్తారనీ పక్కనున్న కండక్టరు గొంతు తగ్గించి డ్రైవరమ్మకి చెప్పాడు. పిల్ల వినేసింది. ఇంటికి చేరేదాకా కిటికీ అద్దంలో తల అటూ ఇటూ తిప్పి తన ముక్కు చూసుకుంటూనే ఉంది. అది అచ్చు తల్లి ముక్కు. గూని ఇంకా పూర్తిగా లేవలేదు, అంతే తేడా.

డ్రైవరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ముందు తన మీదే. ఆ ఒకటి అంకె తన చేత్తో తనే రాసింది కదా. తర్వాత ఆ మంట మేనేజరు మీదికి మళ్ళింది.

మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని డిపోకి వెళ్ళింది. అప్పటికే పెయింటరు రెండో నంబరు నీడని సుద్దముక్కతో బస్సు మీద గీసేశాడు. కోటేరు వేసినట్టు ముక్కు, బుద్ధిగా ముందుకొచ్చిన గడ్డం. ఆవిడ తడిగుడ్డ తీసుకుని మొత్తం తుడిచేసింది. మేనేజరు పరుగున వచ్చాడు. అది రెండొందల డెబ్భై మంది చెప్పిన తీర్పనీ, అందులో మీ చీటీ కూడా ఉందటగా అనీ దెప్పాడు.

"ఉంది సార్. నాలుగోదానికి ఒకటే వేశాను. నా మొహమని తెలీక వేశాను. పరాయి మొహమైనా వెయ్యకూడదని ఇప్పుడు తెలిసింది."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. ఎంతైనా బొమ్మేగా, అందంగా ఉంటే ఎవరికి నష్టం, కింద పేరు మీదే రాయిస్తానని బుజ్జగించాడు. ఆవిడ జేబులోంచి బండి తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఇది ఆ రెండో నంబరావిడకి ఇవ్వండి. బండి ఆవిడే తీస్తుంది."

ఆరున్నర బస్సుకి జనం అప్పటికే వరస కట్టి ఉన్నారు. చాలామంది చీటీలు రాసినవాళ్ళే. కొందరు తల దించుకున్నారు. ఒకాయన మాత్రం, ముక్కుల సంగతి తర్వాత, ముందు బస్సు తీయించండని మేనేజరు మీద విసుక్కున్నాడు. మేనేజరు గడియారం చూశాడు, వరస చూశాడు, తాళం ఆవిడకే తిరిగిచ్చి, ఏదో ఏడవండని లోపలికి పోయాడు.

బండెక్కే ముందు డ్రైవరమ్మ బస్సుని ఆనుకున్నంత దగ్గరగా, పక్కకి తిరిగి నిలబడింది. పొద్దుటెండకి ఆవిడ నీడ బస్సు మీద పడింది. పెయింటరు నుదుటి దగ్గర మొదలుపెట్టి నీడ అంచునే సుద్దముక్క నడిపించుకుంటూ వచ్చి, ముక్కు గూని దగ్గర ఆగాడు. ఇక్కడ కొంచెం తగ్గించనా అక్కా, ఎవరికీ తెలీదులే అని చిన్నగా అడిగాడు. పలికితే నీడ కదిలిపోతుంది. ఆవిడ ఊపిరి బిగబట్టి అలాగే నిలబడింది.

కూతురు వరస దాటి వచ్చి పెయింటరు పక్కన నిలబడింది.

"తగ్గించొద్దు. ఉన్నది ఉన్నట్టే గియ్యండి. అది నా ముక్కు కూడా."