దూదికి అంటిన సిరా

మా అమ్మాయి తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. ఆ తర్వాత మా ఆవిడ దాని కథను నవలగా రాసింది. నేను బడిలో భాష చెబుతాను. ఆమె రాసిన పేజీల్లో తప్పులు దిద్దడం తప్ప ఇంకేమీ చేయలేదు. దిద్దేటప్పుడు ఏడవకూడదనుకున్నాను. చాలావరకు నిలబెట్టుకున్నాను.

నవల్లో పిల్లకు మా ఇంటి ముద్దుపేరే ఉంచింది: సిరా. పుట్టగానే దాన్ని చేతుల్లోకి తీసుకుని మా అత్తగారు, "ఇదేంటే, సిరాబుడ్డి ఒలకబోసుకున్నారా?" అని నవ్వింది. అంత నలుపు. ఆ పూటే దాని పేరు సిరా అయిపోయింది.

నవలను సినిమాగా తీస్తానని ఒక దర్శకుడు వచ్చాడు.

"పేరు మాత్రం మార్చనండీ. రచయిత్రి కూతురు గనక సిరా. ఎంత బాగా కుదిరింది!" అన్నాడు.

నేను సరిదిద్దేలోపే ఫోన్‌లో సిరా వేషానికి ఎంచుకున్న పాప ఫొటో చూపించాడు. ఆ పాపది వేరే జాతి. పాలలాంటి ఒళ్లు, గోధుమరంగు జుట్టు.

"ఇక్కడే పుట్టి పెరిగింది. మన మాట గడగడా మాట్లాడుతుంది. ఏ జాతివాళ్లు చూసినా మా పిల్లే అనుకోవాలి కదండీ."

"మా పిల్లలా ఉంటే అనుకోరా?"

అతను తల దించుకున్నాడు. "నేనూ మీ రంగువాణ్ణే మాస్టారూ. నాకు తెలియదా? సినిమా రావాలా, వద్దా చెప్పండి."

"రావాలి," అంది మా ఆవిడ. "దాన్ని నలుగురూ చూడాలండీ."

షూటింగ్ మొదలయ్యాక ఆమె రోజూ వెళ్లేది. ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ అంది, "ఎండలో తిరిగొస్తే దాని బుగ్గలు ఎర్రగా కందిపోయేవి, గుర్తుందా?"

"అది సినిమా పాప."

"భలేవారే! కన్నకూతురి బుగ్గలు మర్చిపోయేంత మతిమరుపు వచ్చిందా?"

"మరి సిరా అని ఎందుకు పిలిచాం?"

"నేను రచయిత్రిని గనక."

"అది పుట్టేనాటికి నువ్వు ఒక్క అక్షరం రాయలేదు."

ఆమె చేతిలో చొక్కా ఆగిపోయింది. పాఠం మరిచిపోయి నల్లబల్ల ముందు నిలబడ్డ పిల్లల కళ్లు ఎలా వెతుక్కుంటాయో నాకు తెలుసు. ఆమె కళ్లు అలాగే వెతుక్కున్నాయి. నేను రెట్టించి అడగలేదు. నాకే భయం వేసింది. మర్నాడు క్లాసులో హాజరు పిలుస్తూ ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే, నాకూ ముందు కనిపించింది గోధుమరంగు జుట్టే.

ఆ రోజే బడి నుంచి నేరుగా షూటింగ్‌కి వెళ్లాను. మేకప్ గదిలో పాపను అద్దం ముందు కూర్చోబెట్టి మేకప్ ఆవిడ దూదితో ముఖం తుడుస్తోంది. నన్ను చూసి తలుపు దగ్గరకు వేసింది.

"నేను పూసేది లేతరంగు, మాస్టారూ. కాటుక కూడా పెట్టను. మరి ఇదేంటో మీరే చూడండి."

దూది నల్లగా ఉంది. ఇంకో ఉండతో తుడిచింది. అదీ నల్లగానే వచ్చింది. కింద చర్మం మాత్రం ఎప్పటిలా పాలలాగే ఉంది.

"రోజూ ఇంతేనండీ. ఎంత తుడిచినా వస్తూనే ఉంటుంది."

"అది నాది కాదు మాస్టారూ," అంది పాప, తప్పు చేసినట్టు.

దూదిని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది.

మరి కొన్నాళ్లకు డబ్బింగ్‌కి మా ఇద్దర్నీ పిలిచారు. గోడలకు గుడ్డ తొడిగిన చిన్న గది. గాజు అవతల మైకు ముందు పాప. ఇవతల సౌండ్ చూసే అబ్బాయి, దర్శకుడు, మేమిద్దరం. తెర మీద తండ్రి ఇంటికొస్తాడు, పాప పరిగెత్తుకెళ్లి "నన్నెత్తుకో నాన్నా" అనాలి. అంతే మాట.

స్పీకర్‌లో గొంతు వచ్చింది. కాస్త బొంగురుగా, నవ్వు ఆపుకుంటూ.

"ఎత్తుకోకు నాన్నా! చొక్కాకి అంటుకుంటాను."

"అది డైలాగ్ కాదమ్మా. ఇంకోసారి," అన్నాడు సౌండ్ అబ్బాయి.

మళ్లీ అదే మాట. ఈసారి నేను పాపనే చూస్తున్నాను. పెదాలు కదల్లేదు. రెండు చేతులతో నోరు మూసుకుని మావైపు చూస్తోంది.

ఆ మాట స్క్రిప్టులో లేదు. నవల్లోనూ లేదు. నేను తెల్లచొక్కాతో బడి నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మాయి వీధి మలుపులో ఎదురొచ్చి అలా అనేది. నేను ఎత్తుకునేవాణ్ణి. అది మా ఇద్దరి వేళాకోళం, ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదు.

"ఇదేం గోల, తీసేయ్," అన్నాడు దర్శకుడు. అబ్బాయి వేలు మీట మీదే బిగుసుకుపోయింది.

మా ఆవిడ నా చెవి దగ్గరకు వంగింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎవరి పిల్లండీ అది? గొంతు ఎంత ముద్దుగా ఉందో! వాళ్లమ్మ కూడా వచ్చిందా?"

"వచ్చింది," అన్నాను.

"ఆ పిల్ల నల్లగా ఉండేది," అని మొదలుపెట్టాను.

"ఎంత నలుపు?"

ఆమె చేతిని, నా చేతిని పక్కపక్కన పెట్టాను. "ఈ రెండిటికన్నా."

స్పీకర్‌లో మళ్లీ నవ్వు వినిపించింది. ఆమె మా చేతులనే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకా చెప్పండి," అంది.