గంటన్నరల ఒస్తనన్న

సూరత్ నుంచి హైదరాబాదుకు ఆకాశంల ఏడు వందల ముప్పై కిలోమీటర్లు, విమానానికి గంటన్నర. ఫోన్ల గిట్ల రాసినోడు నా ముంగటికొస్తే గల్ల పట్టి అడుగుత. వాన్ని గాదు, ముందుగాల నన్ను నేనే తన్నుకోవాలె.

రెండో కరోనా లాక్‌డౌన్ల, పొద్దుగాల ఆరింటికి సిరిసిల్ల నుంచి మా బావ వరప్రసాద్ ఫోన్ జేసిండు. మా అక్క నవత నిద్రలనే పోయింది. కరోనా గాదు, గుండె ఆగింది.

మా దిక్కు పెండ్లైన ఆడిది పోతే, తల్లిగారింటోళ్లు తెచ్చిన కొత్త చీర కప్పినంకనే శవాన్ని లేపుతరు. అమ్మ, నాయిన ఎన్నడో పోయిన్రు. అక్కకు తల్లిగారిల్లంటే నేనొక్కన్నే.

"రాలేనంటే ఇప్పుడే జెప్పు దశరథం" అన్నడు బావ. "నీ పేరు మీద ఈడనే చీర కొనిపిస్త. పదింటికి దుకాండ్లు బందు వెడ్తరు."

ఎవడో కొన్న చీర మా అక్క మీద కప్పుతరా? నాకు కోపమొచ్చింది. ఫోన్ల చూసి, "గంటన్నర తొవ్వ బావా. రెండు కొట్టేలోపు నీ వాకిట్ల ఉంట. ఎవ్వరు చీర తేవొద్దు" అన్న.

సూరత్ పక్కన ఉధ్నాల మగ్గం నడిపెటోన్ని, నాకేం తెలుసు విమానం సంగతి? ఊరి బస్సు తీరే అనుకున్న. పోవాలె, పైసలియ్యాలె, సీట్ల కూసోవాలె. నా భార్య ఊర్మిళ తను కట్టని కొత్త చీర సంచిల పెట్టిచ్చింది. "ముందుగాల టికెట్ సంగతి అడుగు జర" అన్నది. అపశకునం మాట్లాడకని కసురుకున్న.

లాక్‌డౌన్ల తిరిగి తిరిగి ఆటో దొరికి ఎయిర్‌పోర్టుకు చేరేసరికి పదిన్నర. టికెట్ లేనిది గేటు దాటనియ్యలె. బయట టికెట్ల కిటికీ కాడున్న పిల్ల, ఇయ్యాల హైదరాబాద్ విమానం లేదన్నది. రేపు ముంబై మీదికెళ్లి పోవచ్చట, అదిగూడ కరోనా టెస్టు రిపోర్టు ఉంటేనే.

"గంటన్నరని రాసున్నది గదా" అని ఫోన్ అద్దానికి ఆనిచ్చి సూపిచ్చిన.

"ఎగిరినంక గంటన్నర, భాయ్" అని హిందీల అన్నది.

ఆమెను నోటికొచ్చినట్టు తిట్టిన. ఆమె తప్పేం లేదని తెలుసు, అయినా తిట్టిన.

బావకు చెప్పేసరికి పదకొండైంది. అప్పటికే సిరిసిల్లల దుకాండ్లన్ని బందు. పోలీసోళ్లు ఎవ్వల్ని రోడ్డెక్కనిస్తలేరు. అక్క బీరువాల చీరలున్నయి గానీ అవన్ని అత్తగారింటియే, తల్లిగారి చీరగా పనికిరావు.

శవం ఎండకు ఆగదని, తల్లిగారి చీర లేకుండనే మూడింటికి లేపిన్రు. ఎయిర్‌పోర్టు గేటు బయటనే నిలవడి ఫోన్ వీడియోల చూసిన. బావ నన్నొక్క మాటనలే. తిడితే జర పానం నిమ్మళమైతుండె. వాళ్లమ్మ కనకవ్వ మాత్రం ఎనకనుంచి ఏడ్సుకుంటనే అన్నది:

"తను రాకపాయె, మమ్ములనూ తేనియ్యకపాయె. దిక్కులేని పిల్ల లెక్క పోతున్నది బిడ్డ."