టోపీమామ మునిగిన మధ్యాహ్నం

లిఫ్టులు బాగుచేసే చెల్లెలు ఆ రోజు సెలవు పెట్టి, భుజాన సంచీ, చంకలో అట్టపెట్టెతో అక్క ఇంటికి వచ్చింది. వచ్చేసరికి అక్క వంటింటి అలమరలోవన్నీ ముందుగదిలో నేల మీద పరుచుకుని డబ్బాలు తుడుస్తోంది. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి. నిన్నా ఇవే తుడిచిందని బావ ఫోనులో చెప్పాడు.

"చూసుకుని రావే, మూతలు తొక్కుతావు," అంది అక్క తలెత్తకుండానే.

ఆమె మెడ మీద, గొంతుకు కాస్త పక్కగా, చిన్న ప్లాస్టరు ఉంది. అక్కది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఆ మధ్య కొత్తగా వచ్చిన ఫ్రేము ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, మెడ మీద ఉబ్బు కంటబడింది. డాక్టరమ్మ ఆ గడ్డలోంచి సూదితో కాస్త తీసి పరీక్షకు పంపింది. ఫలితం ఇవాళ రావాలి. ముందు పొద్దున్నే అన్నారు, తర్వాత మధ్యాహ్నం అన్నారు. స్కూలు వ్యాను నడిపే బావ పిల్లల్ని దించేసి, ఇంటికి రాకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లి వరండాలో కూర్చున్నాడు. వాళ్లే ఫోను చేస్తామన్నారు కదా అని అక్క అంటే, "చేస్తారులే. నేను కళ్లెదురుగా కనబడుతుంటే ఇంకాస్త తొందరగా చేస్తారు," అన్నాడట.

చెల్లెలు అట్టపెట్టె సోఫా ముందు దించి, లోపలి సామాను ఒక్కొక్కటే బయటపెట్టింది. పసుపు రంగుకు తిరిగిపోయిన తెల్లటి వీడియో గేమ్ డబ్బా. ఆటను నడిపే, ఎర్ర బొత్తం ఉన్న కర్ర. అంచు విరిగిన క్యాసెట్.

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇది ఇంకా ఉందా?"

"అటక మీద ఉంది. సంచీలో కొత్తది కూడా తెచ్చా. మన 'ఆఖరి దీపం' మళ్లీ తీశారు, తెలుసా? అంతా కొత్త బొమ్మలు, కొత్త పాటలు. రెండూ ఆడి ఏది బాగుందో తేల్చాలి. నా ఒక్కదాని వల్ల కాదు."

"ఇప్పుడా? నా మనసు ఎక్కడుందని..."

"ఎక్కడుందో నాకు తెలుసు. డబ్బాలు అరిగిపోతాయి, లే."

అక్క లేచింది. ఆటాడాలని కాదు, చెల్లెలు క్యాసెట్‌ను నోటితో ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటే చూడలేక. "అలా ఊదకే, ఉమ్ము పడుతుంది," అని లాక్కుని, అద్దాలు తుడిచే స్పిరిట్టు, మెత్తటి గుడ్డ తెచ్చి, క్యాసెట్ కొసన ఉన్న ఇత్తడి పళ్లను ఒక్కొక్కటే తుడిచింది.

నిజానికి చెల్లెలికీ రాత్రి నిద్ర లేదు. చీకటి గోతిలో లిఫ్టు గది నెత్తి మీద నిలబడి, నూనె కారే తాళ్లు పట్టుకుని పనిచేసే మనిషి. అలాంటిది, నిన్న సాయంత్రం ఒక అపార్టుమెంటులో బోల్టు బిగించబోయి రెండుసార్లు పానా జారవిడిచింది. జతగా పనిచేసేవాడు ఇంటికి పొమ్మన్నాడు.

పాత డబ్బా తీగ కొత్త టీవీకి కుదరలేదు. అది ముందే తెలిసి మధ్యలో పెట్టే పిన్ను ఒకటి కొనుక్కొచ్చింది. తెర మీద ముందు చారలు, తర్వాత కీచుమనే పాట, ఆ తర్వాత లైట్‌హౌస్ వచ్చాయి. లైట్‌హౌస్ అంటే నిలువుగా పేర్చిన బూడిదరంగు ఇటుకలే. కింద దీపం పట్టుకుని కాపలాదారు నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లు అతనికి టోపీమామ అని పేరు పెట్టుకున్నారు.

అక్క కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది. "వీడికి ముఖం ఏది?"

"లేదు."

"ఉండేది. మీసం కూడా ఉండేది. నాకు బాగా గుర్తు."

"అక్కా, టోపీ కింద ఒక్క చుక్క ఉంది. దాని మీద మీసం ఎక్కడ పెడతారు?"

అక్క నమ్మలేదు. తెర దగ్గరికి వెళ్లి చూసింది, దూరంగా నిలబడి చూసింది. చుక్క చుక్కలాగే ఉంది. చెల్లెలు కొత్త యంత్రం తగిలించి రీమేక్ పెట్టింది. అందులో టోపీమామ అలల చప్పుడు మధ్య మెల్లగా ఇటు తిరిగాడు. నుదుట ముడతలు, తడిసిన కనుబొమలు, గుబురు మీసం.

"అదిగో! చెప్పానా?" అంది అక్క, కోర్టులో గెలిచినట్టు.

ఆ గెలుపు ఎంతోసేపు నిలవలేదు. కొత్త టోపీమామ నోరు మూయడు. మెట్టెక్కితే "జాగ్రత్త, ఇక్కడ జారుతుంది" అంటాడు. తలుపు ముందు నిలబడితే "తాళం చెవి కావాలేమో" అంటాడు. రెండు నిమిషాలు ఊరుకుంటే నిట్టూరుస్తాడు. అక్క కూడా నిట్టూర్చింది. "ఈయనకే అన్నీ తెలిస్తే నేనెందుకు? ఈయన్నే వెళ్లమను."

"కావాలంటే నోరు మూయించవచ్చు. ఆటను ఎక్కడికక్కడ దాచుకోవచ్చు కూడా. చచ్చిపోతే మళ్లీ మొదటికి రానక్కర్లేదు, అక్కడి నుంచే."

"మరి చావడానికి అర్థమేముంది?" అని అక్క నోరు జారింది. చెల్లెలు వెంటనే, "టీ పెట్టనా?" అంది. అక్కర్లేదని అక్క తల అడ్డంగా ఊపింది.

ఆటలో అడుగున నీళ్ల గది ఉంటుంది. సముద్రం పగిలి లోపలికి వస్తుంటే, తేలుతున్న పెట్టెల మీంచి గెంతుకుంటూ ఇనుప నిచ్చెన అందుకోవాలి. చిన్నప్పుడు చెల్లెలికి ఆ గది పేరు చెబితే పై ప్రాణాలు పైనే పోయేవి. అక్కడిదాకా రాగానే కర్ర అక్క చేతిలో పెట్టి, పరుగెత్తి వెళ్లి తలుపు చాటున చెవులు మూసుకునేది. అక్క నిచ్చెన ఎక్కాక పిలిస్తేనే వచ్చేది. ఎన్నడూ, ఒక్కసారి కూడా, తాను ఆడలేదు.

రీమేక్‌లో ఆ గది చూసి ఇద్దరూ తెల్లబోయారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. లోపల బంగారు రంగు చేపలు తిరుగుతున్నాయి. ఎవరో వయొలిన్ మీద ఏడుపు పాట వాయిస్తున్నారు.

"అబ్బ, ఎంత బాగుందే!" అంది అక్క. అని, మొదటి పెట్టె మీంచి నీళ్లలో పడింది. మళ్లీ ఆడింది, మళ్లీ పడింది. మూడోసారీ పడ్డాక, "ఇదేంటి, టక్కులు లేవు?" అని విసుక్కుంది.

"టక్కులేంటి?"

"నీళ్లు ఒక్కో గీత పెరిగినప్పుడల్లా టక్కుమనేది కదా. టక్కుమనగానే పెట్టె పైకి లేస్తుంది, అప్పుడే గెంతాలి. మధ్యలో గెంతితే జారిపోతుంది. ఆ వయొలిన్ వింటూ ఎలా గెంతను?"

"నాకేం తెలుసు, నేను చెవులు మూసుకునేదాన్ని."

"నేను కళ్లు మూసుకునేదాన్ని," అంది అక్క.

చెల్లెలు తిరిగి చూసింది.

"ఏంటలా చూస్తావు? నాకు మాత్రం భయం లేదా? ఆ నీలం గీత పైకొస్తుంటే చూడలేకపోయేదాన్ని. కళ్లు గట్టిగా మూసుకుని టక్కులు వింటూ గెంతేదాన్ని. నువ్వు తలుపు చాటున ఉన్నావు కాబట్టి సరిపోయింది, లేకపోతే పరువు పోయేది."

చెల్లెలికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో భయం తన ఒక్కదాని సొత్తని, అక్క ఇనుముతో చేసిన మనిషని అనుకుంది. ఈ వారం అక్క "ఏం కాదులేవే" అన్నప్పుడల్లా అలాగే నమ్మాలని చూసింది.

"పాతది పెట్టు," అంది అక్క. "చూపిస్తా."

పాత ఆటలో నీళ్ల గదిదాకా రావడానికి చాలాసేపు పట్టింది. అక్క రెండుసార్లు చచ్చి, రెండుసార్లూ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఈసారి చెల్లెలు కూడా రీమేక్ గొప్పలు చెప్పలేదు. గొంతుక్కూర్చుని, పిడికిళ్లు బిగించి, "ఎడమకి, ఎడమకి" అని అరుస్తోంది. చివరికి గది వచ్చింది. తెరంతా నల్లగా అయింది. దీపం చుట్టూ ఇంత వెలుగు, కింద నీలం గీత. టక్. అక్క కళ్లు మూసుకుని గెంతింది. టక్. ఇంకో పెట్టె. టక్.

ఫోను మోగింది.

బల్ల మీద ఫోను అదురుతూ అంచుకు జరుగుతోంది. బావ పేరు. పాత ఆటను ఆపే వీలు లేదు, ఆపే బొత్తమే లేదు. "పట్టుకో," అని అక్క కర్ర చెల్లెలి ఒళ్లో పడేసి, ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, అద్దం తలుపు జరిపేసింది.

చెల్లెలు కర్ర పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. వదిలేసి లేవచ్చు, అక్క వెనకాల వెళ్లవచ్చు. కానీ అక్క తలుపు వేసుకుని వెళ్లింది. ఒక్కతే వినాలనుకుంది కాబోలు. అక్క పట్టుకోమంది కాబట్టి పట్టుకుంది. టక్. గెంతింది. పెట్టె అందింది. టక్. అద్దం అవతల అక్క వీపు కనబడుతోంది. ఎడమ చెయ్యి కమ్మీని పట్టుకుంది. మాట ఒక్కటీ వినబడటం లేదు. టక్. నీలం గీత పైకి వచ్చింది. చెల్లెలు కళ్లు మూసుకోలేదు, చెవులు మూసుకోలేదు. ఒక కన్ను తెర మీద, ఒక కన్ను అద్దం మీద. నిచ్చెన అడుగు కనబడుతోంది.

అక్క భుజాలు కదిలాయి. ముందు కొద్దిగా, తర్వాత గట్టిగా. తల కమ్మీ మీద ఆనించేసింది.

అయిపోయిందనుకుంది చెల్లెలు. అయినా వేళ్లు మాత్రం టక్కుకు గెంతుతూనే ఉన్నాయి.

తలుపు జరిగింది. అక్క ముఖం ఏడుపుతో తడిసి ముద్దయి ఉంది. ఏదో చెప్పబోయి, చెయ్యి మాత్రం గాలిలో అటూ ఇటూ ఊపింది.

"ఏంటక్కా? ఏమన్నారు? చెప్పవే బాబూ!"

"ఏం లేదంట." అక్క గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "మామూలు గడ్డంట. కోయక్కర్లేదంట. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలంట. మీ బావ ఫోనులోంచి డాక్టరమ్మే మాట్లాడింది. రెండుసార్లు చెప్పించుకున్నా."

చెల్లెలి చేతిలోంచి కర్ర జారింది. ఆమె వెళ్లి అక్క మీద పడింది. మెడ దగ్గర ప్లాస్టరు ఉందని గుర్తొచ్చి వెనక్కి జరిగి, మళ్లీ పడింది. టీవీలో ఏదో గరగరమని, ఆ తర్వాత విషాదంగా రెండు కీచు స్వరాలు వినిపించాయి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. ఏడ్చారు, ముక్కులు తుడుచుకున్నారు, ఎందుకో నవ్వారు, ఆ నవ్వు ఆపుకోలేక మళ్లీ ఏడ్చారు. వారం రోజులుగా ఛాతీలో ఇరుక్కున్న ఊపిరి ఇప్పటికి బయటికి వచ్చినట్టయింది చెల్లెలికి.

కాసేపటికి అక్క టీవీ వైపు చూసింది. "టోపీమామ ఏడీ?"

"మునిగిపోయాడు."

"మునిగిపోయాడా! ఎక్కడిదాకా వచ్చాడు?"

"నిచ్చెన దాకా. ఇంకొక్క గెంతు."

"ఇంకొక్క గెంతు వేసి రాకూడదటే? పొద్దున్నుంచీ చచ్చీ చెడీ అక్కడిదాకా తెస్తే..." అక్క నిజంగానే కోప్పడుతోంది. ఆ కోపం చూస్తుంటే చెల్లెలికి కడుపు నిండినట్టుంది. ఎన్నాళ్లయింది అక్క ఇలా మామూలుగా తిట్టి!

బావ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. చేతిలో రొట్టెలు, గుడ్లు, ఎవరూ అడగని ఒక పుచ్చకాయ ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి అక్కను ఎగాదిగా చూసి, "నేను అక్కడ కూర్చోబట్టే తొందరగా ఇచ్చారు," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వ్యానులోనే ఏడ్చి వచ్చినట్టున్నాడు.

నేల మీద పరిచిన డబ్బాల మధ్యే కూర్చుని ముగ్గురూ తిన్నారు. అక్కకు అంత ఆకలి ఎక్కడ దాగుందో, రొట్టె మీద రొట్టె తింది.

"ఇంతకీ ఏది బాగుంది? పాతదా, కొత్తదా?" అన్నాడు బావ టీవీ ముందున్న తీగల గుట్ట చూసి.

అక్క నములుతూ ఆలోచించింది. "పాతది అంత బాగుండదండీ. నిజం చెప్పాలంటే ముఖం కూడా లేదు. ఊరికే చంపుతుంది. ఇన్నేళ్లూ మన బుర్రలోనే దానికి మీసాలు మొలిచాయి. కానీ ఆ టక్కులున్నాయి చూడండీ, అవి మాత్రం కొత్తదాంట్లో లేవు."

"ఉన్నాయి," అంది చెల్లెలు, కొత్తదాన్ని మళ్లీ టీవీకి తగిలించి, సెట్టింగులు ఒక్కొక్కటే తెరుస్తూ. "ఇక్కడెక్కడో 'పాత శబ్దాలు' అని ఉంది. ఇదిగో."

వయొలిన్ ఆగిపోయింది. అద్దంలాంటి నీళ్లలోంచి, బంగారు చేపల మధ్యలోంచి, టక్ అని వినిపించింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అయినా కొత్తదాని కంట్రోలర్ తాను తీసుకోకుండా బావ చేతికిచ్చింది. బావ టోపీమామను నడిపించకుండా, చేపలు చూద్దామని నేరుగా నీళ్లలోకి దించాడు. "ఇదేంటి, ఈయనకు ఈత రాదా? ఇన్నేళ్లు సముద్రం పక్కన ఉద్యోగం చేసి!" అన్నాడు ఆశ్చర్యంగా. మళ్లీ దించాడు.

చెల్లెలు పడీ పడీ నవ్వి, అక్క కూడా నవ్వుతోందేమోనని చూసింది. అక్క సోఫాకు తల ఆనించి, చేతిలో పుచ్చకాయ ముక్క అలాగే ఉండగా, నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చిన్నగా గురక కూడా వస్తోంది.

బావ ఆమె చేతిలోంచి ముక్క మెల్లగా తీశాడు. చెల్లెలు దిండు తెచ్చి తల కింద పెట్టింది. మధ్యాహ్నపు ఎండ అద్దం తలుపులోంచి అక్క పాదాల దాకా వచ్చింది. "లేపకండి బావా," అంది గుసగుసగా.

"ఎవరు లేపుతారు?" అన్నాడు బావ, ఇంకో రొట్టె విరుస్తూ.