ఎర్తుకు నీళ్లు

ఎద్దా, మనకు ఎద్దు యాడుందమ్మా, అన్నాను గానీ నా గొంతు నాకే వినపడలేదు, కళ్యాణదుర్గం బస్టాండు దాకా వినపడే గొంతు నాది, అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటా, ఎద్దుకే కదప్పా నీళ్లు పొయ్యమంటివి, బళ్లారి బస్సులోనుంచి తల బయట పెట్టి అరిస్తివి కదా, నువ్వు తిరిగొచ్చేదాకా దినామూ రెండు బిందెలు మోసినా అంటుంది, నేనరిచింది ఎద్దుకు కాదు తల్లీ, ఎర్తుకు, మన మిషను వెనకాల గొట్టం పాతి ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన గుంతకు, అది తడిగా ఉంటేనే మోటారులో దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగుతుంది, ఎండితే మిషను ముట్టుకున్న మనిషిలోకి దిగుతుంది, పోయినసారి ఇన్‌స్పెక్టరు ఈశ్వరప్ప గుంత ఎండిందని లైను ఇయ్యకుండా పోయినాడు, ఈరోజూ కాదంటే శనక్కాయల కాలం దాటిపోతుంది, కాయలు ఒలిచే మిషను ముందర నేను గోళ్లు గిల్లుకుంటా కూర్చోవాల, ఆయనా నేనూ పొద్దున ఒకే బస్సు దిగినాం, అదిగో అప్పుడే ఇనప మేకులు దూరంగా దిగ్గొట్టి, మిషను ముందరికొచ్చే ఎర్తు తీగకు వైర్లు తగిలించి, పెట్టె పిడి తిప్పుతాండాడు, కరెంటుకు నేల ఎంత అడ్డమో పెట్టె మీది సూది ఓముల్లో చూపిస్తుందంట, ఆ ఓములు తగ్గాలంట, ఓములు ఎక్కువైతే హోమమే, నా నోట్లో ఓం నమశ్శివాయ మాత్రం పెరుగుతానే ఉంది, పేరేమో గంగాధరప్ప, ఇంట్లో గంగ లేదు, మా సీమలో వచ్చేది కరెంటు కాదు సార్, కరువెంట అని పోయినసారి ఆయనకు చెప్పి నేనే నవ్వుకున్నాను, ఇప్పుడెవరు నవ్వుతారో.

ఏమప్పా గంగాధరప్పా, ఎర్తు ఇంత బాగుండాదే, ఏం చేసినావు, అన్నాడు ఈశ్వరప్ప, సూది పోవాల్సిన చోటికే పోయింది, నాకు నమ్మకం కుదరక మిషను వెనక్కి పరుగెత్తితే అక్కడ నిజంగానే ఎద్దు, పక్కింటి ఎర్రన్న ఎద్దు, మా ఎర్తు గొట్టానికే కట్టేసి, కాళ్ల కింద బురద, ముందర కుడితి తొట్టి, మనకు లేకుంటే ఏమి, ఎర్రన్నది డొక్కలెండి ఉంటే చూడలేక చెప్పినావనుకుంటి, ఈ గొట్టం కట్టుగుంజ మాదిరి ఉందని ఈడే కట్టినా అంటుంది అమ్మ, అంతలో ఎద్దు కాళ్లు ఎడం చేసి సర్రుమని ధార విడిచింది, గుంతలోకే, ఉప్పుకు ఉప్పు, తడికి తడి, గోడ అవతలనుంచి ఎర్రన్న చప్పట్లు కొట్టి, నా ఎద్దు పాసైనాదప్పో అని అరిచినాడు.

ఈశ్వరప్ప నవ్వలేదు, ముందు దాన్ని విప్పు, అన్నాడు, లైను ఇచ్చినాక మోటారులో కరెంటు కారిందంటే మొదట పడేది ఎద్దు, రెండోది దాన్ని విప్పబోయినోళ్లు, అన్నాడు, విప్పబోయేదెవరు, అమ్మ, తడి చేతుల్తో, తడి నేల మీద, ఒట్టి కాళ్లతో, నాలిక చివరిదాకా వచ్చిన చమత్కారం అక్కడే చచ్చింది, నేనే పలుపు విప్పినాను, గుంత చుట్టూ ముళ్లకంప కడతాను సార్, అన్నాను, ఆ మాటలో శ్లేష లేదు, అట్లయితే లైను ఇస్తా, అన్నాడాయన.

కాయలు తెచ్చినోళ్లంతా మూగి ఏమయింది ఏమయింది అంటాంటే గోడెక్కి చెప్పినాను, నేను ఎర్తు అంటి, మాయమ్మ ఎద్దు అనుకునింది, అంతే, ఎద్దు తాగిన నీళ్లే ఎర్తుకు చేరినాయి, అప్పుడు ఈశ్వరప్ప కూడా టోపీ తీసి మరీ నవ్వినాడు, అమ్మ మాత్రం, నువ్వు ఎప్పుడన్నా ఉన్నమాట ఉన్నట్ల చెప్తే కదరా, నాకు ఎర్తు అనే వినపడింది, ఎద్దును ఎర్తు అని ఎకసెక్కమాడినావనుకుంటి, అనింది, అంటూ తన భుజం పట్టుకునింది, బిందె మోసిన భుజం, కందిపోయి ఉంది, ఇన్నేళ్లూ నా నోట్లోనుంచి దారి తప్పిన మాటలన్నీ ఈమెలోకే దిగి చల్లారినాయి, ఎవరికీ షాకు కొట్టలేదు, ఈ ఎర్తుకు నేనొక చెంబైనా పోసినానా, అర్థమైంది, లోపలికి పోయి కుండలో నీళ్లు ముంచుకొచ్చి, తాగమ్మా, అన్నాను, మెల్లగానే అన్నాను, ఈసారి ఉన్నమాట ఉన్నట్లే వినింది.