గ్లాసు మీది బొటనవేలు

ప్రతి సోమవారం పొద్దున్నే పాత ఫైళ్లు దించి, ఒక్కో వేలిముద్రనూ పలకరించినట్టు చూసుకోవడం భూతద్దం గారికి అలవాటు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు, వేలిముద్రల ఆఫీసులో అందరికీ ఆయన భూతద్దం గారే. ముద్రలు కార్డు మీదున్నా తమ మనుషులతో పాటే ముసలివవుతాయి కదా, చూసుకోకపోతే ఎలా? దొంగకి వేలు తెగితే కార్డు మీదా గీటు పడుతుంది. మనిషి పోతే ముద్ర వెలిసిపోతుంది, గుమాస్తా ఓ సంతకం గీకి ఫైలు కట్టేస్తాడు.

ఒక్క ఫైలు మాత్రం పదకొండేళ్లుగా ఆయన ప్రాణం తోడేస్తోంది. ఓ ఇల్లాలిని ఆమె ఇంట్లోనే చంపేశారు. ఎవరో కొత్త మనిషి మంచినీళ్లడిగి లోపలికొచ్చాడని మొగుడు చెప్పాడు. గ్లాసు మీద దొరికిన బొటనవేలి ముద్ర అతనిది కాదు, ఆమెదీ కాదు. భూతద్దం గారు అలాగే రాసిచ్చారు, పోలీసులు మొగుణ్ణి వదిలేశారు. పోయినావిడ తల్లి, అల్లుణ్ణి అనవసరంగా అనుమానించానే అని లెంపలేసుకుని, ఏడాది వయసు మనవరాల్ని పెంచడానికి అతనింట్లోనే ఉండిపోయింది. నెలకోసారి ఆఫీసుకొచ్చి, వాడు దొరికాడా బాబూ అని అడిగి వెళ్తుంది.

మొన్న శనివారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ భూతద్దం గారు కుడి బొటనవేలు కాల్చుకున్నారు. సోమవారం ఫైలు తెరిస్తే, గ్లాసు మీది ముద్రలో అదే చోట, అంతే బొబ్బ. ఎదుటి బల్ల దగ్గరున్న అసిస్టెంటమ్మాయి దాన్నీ, ఆయన వేలి కట్టునీ చూసి తల దించుకుంది.

"ఆ రోజు అందరి ముద్రలూ తీశారు కదా సార్. మీవి?" అంది మెల్లిగా.

తీయలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన పోలీసులవీ, పక్కింటివాళ్లవీ, ఆఖరికి ఫొటోగ్రాఫరువీ తీసి సరిచూశారు, తనవి తప్ప. చేతి తొడుగు చిరిగిపోతే, ఒక్క క్షణమే కదా అని గ్లాసుని ఉత్త చేత్తో వెలుతురుకి పట్టి చూశారు. పదకొండేళ్లు తన వేలి కోసం తనే ఊరంతా గాలించారన్నమాట. ఎంత పని చేశాను దేవుడా అనుకున్నారు.

ఆ పూటే పై అధికారికి ఉన్నదున్నట్టు కాగితం రాసిచ్చారు. ఉద్యోగం పోతే పోనీ, ఆ తల్లికి ముఖం ఎలా చూపించడం? అయినా ఆవిడ వచ్చిన రోజు తనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశారు. క్షమించమని మాత్రం అడగలేదు.

ఆవిడ ఏడవలేదు. "ఆ ముద్ర లేకపోతే మా అల్లుణ్ణి వదిలేవారా బాబూ?"

"వదిలేవారు కాదమ్మా. కొత్త మనిషి వచ్చాడనడానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే."

"అయితే అతనే చేశాడా?"

"తెలీదమ్మా. తెలుసుకునే దారి నేనే చెడగొట్టాను."

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. ఇన్నేళ్లూ అతనికి వండి వడ్డించిన చేతులవి. తర్వాత గోడ గడియారం చూసి లేచి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"మూడున్నరకి మనవరాల్ని బడి నుంచి వదులుతారు. అటునుంచటే మా చెల్లెలింటికి పోతాం. మీరూ రండి. వాళ్ల నాన్న దగ్గరికి ఎందుకు వెళ్లట్లేదో ఆ పిల్లకి మీరే చెప్పాలి. నావల్ల కాదు."

భూతద్దం గారు ఫైలు మూసి, చెప్పులేసుకుని ఆవిడ వెనకే నడిచారు.