ట్రయల్ రూముల ముందు సోఫా

మా మరదలు డ్యూటీ దిగి నేరుగా బస్సు దగ్గరికే వచ్చింది. నీలంరంగు యూనిఫారం మీద స్వెటర్ వేసుకుంది. తడిచేత్తో జుట్టు సర్దుకున్నట్టుంది, నుదుటి దగ్గర ఇంకా నీళ్ళు మెరుస్తున్నాయి. చంకలో ఒక ఖాళీ సంచీ మడతపెట్టి ఉంది.

ఆమెది వృద్ధాశ్రమంలో రాత్రి ఉద్యోగం. మంచానపడ్డ వాళ్ళని అటొకసారి ఇటొకసారి తిప్పి పడుకోబెట్టాలి. తడిసిన దుప్పట్లు మార్చాలి. ఇంటికి పోతానని చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడే పెద్దవాళ్ళకి నచ్చజెప్పి మళ్ళీ మంచం దాకా నడిపించుకు రావాలి. పదేళ్ళ పైనుంచీ ఇదే.

"కాసేపు పడుకోవాల్సింది చిట్టీ, కళ్ళు చూడు ఎలా ఉన్నాయో," అన్నాను. ఇంట్లో అందరికీ ఆమె చిట్టే, తల నెరిసినా.

"ఇవాళ పడుకుంటే ఈ బస్సు మళ్ళీ వచ్చే నెలకే బావా. ఎల్లుండి ఇంటర్వ్యూ. ఈ స్వెటర్‌తో వెళ్తే నన్ను కూడా ఓ మంచం మీద పడుకోబెట్టి చార్టు రాసేస్తారు."

ఊరికి దూరంగా హైవే పక్కన ఒక పెద్ద ఔట్‌లెట్ మాల్ ఉంది. పేరున్న కంపెనీల బట్టలు, బూట్లు, సంచులు సీజను అయిపోయాక అక్కడ తగ్గింపు ధరలకి అమ్ముతారు. మా పేటలో ట్రావెల్స్ నడిపే ఆయన నెలకోసారి అక్కడికి బస్సు వేస్తాడు. మా ఆవిడ ఉన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ ఏటా ఒకసారి వెళ్ళేవాళ్ళు. మూడోవాణ్ణి నేను. సంచులు మోయడం, ట్రయల్ రూములోంచి ఎవరు బయటికొచ్చినా "బావుంది" అనడం నా పని. మా ఆవిడ పోయాక ఆ బస్సు ఎవరం ఎక్కలేదు. మొన్న చిట్టి ఫోన్ చేసి, "బావా, నాకో కోటు కావాలి, తోడు రా," అంది. ఆమె గొంతులో తోడు అన్న మాట వినపడగానే చెప్పులు వెతుక్కున్నాను.

ఆశ్రమంలో పగటి సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయింది. దానికి ఎల్లుండి ఇంటర్వ్యూ. బయటి నుంచి కూడా చాలామంది వస్తున్నారట.

"అది వస్తే మనుషుల్లో కలుస్తాను బావా," అంది బస్సు కదిలాక. "మా ఆయనా నేనూ గుమ్మంలోనే కదా ఎదురుపడేది. అద్దె కొంపలో పాతవాళ్ళు సామాను దించుతుంటే కొత్తవాళ్ళు ఎక్కించినట్టు. 'అన్నం గిన్నెలో ఉంది' అని ఆయన, 'తాళం కిటికీలో ఉంది' అని నేను. మా కాపురం ఆ రెండు ముక్కలే."

"రేపు రాత్రి మళ్ళీ డ్యూటీయేనా?"

"ఇవాళ రాత్రి సెలవు. రేపు రాత్రి చేసి, పొద్దున మొహం కడుక్కుని అటునుంచి అటే ఇంటర్వ్యూకి."

"ఎవర్నైనా మార్చుకోమని అడక్కపోయావా?"

"అడిగించుకోవడమే వచ్చు నాకు. అడగడం నేర్పలేదు మా అమ్మ." నవ్వింది. "గడియారం అయితే పోయిన వారం కూడా నాతో మార్పించుకుంది, పంటినొప్పని." గడియారం ఆమెతో పాటు రాత్రిళ్ళు చేసే మనిషి. డ్యూటీ అయిపోయిన క్షణంలో గేటు బయట ఉంటుందని ఆ పేరు పెట్టారట.

"ఇప్పుడైనా కళ్ళు మూసుకో, రెండు గంటల ప్రయాణం."

"బస్సులో నాకు పట్టదు." ఆ మాట అంటుండగానే ముందు సీట్లో ఎవరో దగ్గారు. చిట్టి రెండు చేతులూ సీటు మీద ఆనించి సగం లేచింది. తర్వాత ఎక్కడుందో గుర్తొచ్చి కూర్చుంది. "చూశావా? ఇదీ నా బతుకు."

దిగేముందు డ్రైవరు లేచి నిలబడి అందరికీ చెప్పాడు. "ఐదింటికి బండి తీస్తా. ఆలస్యమైతే నన్ను తిట్టుకోకండి. నాకు నడపడం వచ్చు గాని వెతకడం రాదు. మళ్ళీ ఇక్కణ్ణించి ఊళ్ళోకి ఇంకో బండి లేదు, అదీ చెబుతున్నా."

మాల్ అంటే ఒక బజారంత ఉంది. రెండువైపులా అద్దాల కొట్లు, మధ్యలో కడిగి తుడిచిన రాతి దారి, ఎవరూ నీళ్ళు తాగని చిన్న ఫౌంటెన్. ప్రతి తలుపు మీదా ఎర్ర అక్షరాల్లో తగ్గింపు. మొదటి కొట్లో చిట్టి నల్లకోటు వేసుకుని బయటికొచ్చింది.

"బావుంది," అన్నాను.

రెండో కొట్లో ముదురు నీలం. "బావుంది."

మూడోదాంట్లో చేతులు వేళ్ళ దాకా వేలాడే గోధుమరంగుది. "బావుం..."

"నీకో దణ్ణం బావా. గంగిరెద్దు కూడా మధ్యలో ఒకసారి తల అడ్డంగా ఊపుతుంది. అక్క అయితే 'తీసెయ్' అనేది. ఒక్క మాట. అంతే, నేను మారుమాటాడకుండా విప్పేసేదాన్ని. ఆ మాటకోసమే కదా దాన్ని వెంట తెచ్చుకునేది."

నాకేమీ కోపం రాలేదు. నిజంగానే నాకు కోట్ల సంగతి తెలియదు. ఇరవై ఏళ్ళు నీళ్ళ శాఖలో పైపుల నక్షాలు గీశాను. ఎవరి భుజం మీద ఏది ఎలా కూర్చుంటుందో నన్నడిగితే ఏం చెప్పను?

ఆఖరికి బజారు చివర ఒక పెద్ద కొట్లోకి వెళ్ళాం. ట్రయల్ రూముల ముందు మగవాళ్ళు కూర్చోవడానికి ఒక సోఫా వేశారు. అది చూడగానే కాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి చోట సోఫా వేయించాలని ఎవరికి తోచిందో గాని వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. ఒక మూలన ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న పెద్దాయన ఒళ్ళో, పక్కన, కాళ్ళ దగ్గర సంచులు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. మా బస్సులో వచ్చినవాడే. తెర వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"ఏవండీ, ఎలా ఉంది?"

"బ్రహ్మాండం," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నేనింకా బయటికే రాలేదండీ!"

చిట్టి నవ్వుతూ బూడిదరంగు కోటు ఒకటి పట్టుకుని లోపలికెళ్ళింది. బయటికి వచ్చేసరికి మొహంలో ఆ నవ్వు లేదు. నిలువుటద్దం ముందు నిలబడి చాలాసేపు చూసుకుంది.

"ఎవరో పోతే పరామర్శకి వెళ్తున్నట్టున్నాను."

"బావుంది చిట్టీ."

"పో బావా." విప్పి నా చేతిలో పెట్టింది. సోఫాలో నా పక్కన కూలబడింది. "కోట్లదేం తప్పు లేదు. ఏది వేసినా లోపల నేనే కదా ఉంటా. ఎల్లుండి వెళ్ళనులే. రాత్రిళ్ళే రాసిపెట్టి ఉన్నాయి నాకు." కళ్ళు నలుపుకుంది. "రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటా. లేపు. ఆ మూల కొట్టొకటి మిగిలింది."

తల వెనక్కి ఆనించిందో లేదో నిద్రలోకి జారిపోయింది. బస్సులో ఎవరి దగ్గుకో లేచిన మనిషి, తలుపులు తీస్తూ వేస్తూ జనం నడుస్తున్నా కదల్లేదు.

"మీ ఆవిడా?" అన్నాడు పచ్చ స్వెటర్ పెద్దాయన నెమ్మదిగా.

"మరదలండి. రాత్రి డ్యూటీ చేసొచ్చింది."

"పడుకోనివ్వండి. మా ఆవిడ తను పడుకోదు, నన్ను పడుకోనివ్వదు."

రెండు నిమిషాలు అయ్యాయి. ఆమె భుజం దాకా చెయ్యి తీసుకెళ్ళి ఆపేశాను. మూల కొట్టుకి తీసుకెళ్తే మాత్రం ఏమవుతుంది? మళ్ళీ ఒక అద్దం, మళ్ళీ నా బావుంది. మా ఆవిడ ఉంటే ఏం చేసేదా అని ఆలోచించాను. "తీసెయ్" అనడం గుర్తుంది. అంతకు ముందు ఇంకోటి చేసేది, అది ఇప్పుడే గుర్తొచ్చింది. చెల్లెలి గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పి, "రాత్రి చేసొచ్చావా?" అని అడిగేది. అవునంటే ఇంక కోటు వైపు చూసేదే కాదు. "పద, టీ తాగి కాసేపు కూర్చుందాం," అని లాక్కుపోయేది. అక్కచెల్లెళ్ళకి టీ పిచ్చి అనుకుని నేను సంచులు పట్టుకుని వెనకే నడిచేవాణ్ణి. తిరిగొచ్చాక అంతకు ముందు వద్దన్న బట్టే ఒక్కోసారి కొనేవాళ్ళు. అదేమిటని నేనెప్పుడూ అడగలేదు.

మెడలో టేపు వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. ఆ కొట్లో పనిచేసే పిల్ల.

"సార్, మీ చేతిలో కోటు తీసుకుంటున్నారా? అక్కడ ఒక మేడమ్ అడుగుతున్నారు. ఆ సైజులో అదొక్కటే ఉంది."

చిట్టి వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకుంది. కనుబొమల మధ్య పొద్దున్నుంచీ ఉన్న ముడి సగం విడిపోయింది. పైనుంచి ఏసీ గాలి సూటిగా ఆమె మీదకే కొడుతోంది. నేను కోటు విప్పి ఆమె మీద కప్పాను.

"అయ్యో సార్, నలిగిపోతుంది!"

"నలిగితే మేమే తీసుకుంటాం తల్లీ."

ఆ అమ్మాయి ఏదో అనబోయింది. కోటు కింద కనబడుతున్న చిట్టి తెల్ల డ్యూటీ బూట్ల మీద ఆమె చూపు ఆగింది. "హాస్పిటలా సార్?"

"వృద్ధాశ్రమం. రాత్రిళ్ళు."

ఆమె వెళ్ళిపోయింది. కోటు అడిగిన మేడమ్‌కి ఏం చెప్పిందో తెలియదు, ఆవిడ ఇటు రాలేదు. కాసేపటికి మా నెత్తిమీద స్పీకర్లో దడదడలాడుతున్న పాట ఆగిపోయింది. కొట్టంతా మోగుతోంది, ఆ మూలన మాత్రం లేదు. పచ్చ స్వెటర్ పెద్దాయన పైకి చూసి, నన్ను చూసి తలూపాడు. తర్వాత భార్య పిలిస్తే సంచులన్నీ ఏరుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అంతా అలా కూర్చున్నాను. ఇంటినుంచి తెచ్చిన బ్రెడ్డు ముక్కలు రెండు తిని, రెండు ఆమెకి ఉంచాను. నడుం పట్టేసింది. తెరలు జరుగుతూనే ఉన్నాయి. ఒకళ్ళు వచ్చి అద్దంలో వెనక్కి తిరిగి చూసుకోవడం, ఒకళ్ళు పెదవి విరవడం. ఎదురుగా గోడ గడియారం ఉంది. నాలుగు కొట్టినప్పుడు లేపుదామనుకున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ నాలుగున్నర దాటేదాకా లేపలేదు. బస్సు తప్పితే ఇద్దరం ఈ హైవే మీద చెయ్యెత్తి నిలబడాలి. ఇక ఆగితే లాభం లేదని, "చిట్టీ," అన్నాను.

ఒక్క ఉదుటున లేచింది. "ఎవరు? ఏ మంచం?" చుట్టూ చూసి, గడియారం చూసి, నన్ను చూసింది. "బావా! లేపమన్నానా లేదా?"

"అన్నావు."

"మరి? ఇంత దూరం వచ్చి సోఫా మీద పడుకుని పోవడానికా? నిద్రపోవడానికి టిక్కెట్టు కొని బస్సెక్కాలా? కుంభకర్ణుడి చెల్లెలని రేపు మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. ఇప్పుడు ఏ కొట్టుకి పోతాం, ఏం కొంటాం?"

"తిట్టడం బస్సులో తిడుదువుగాని. ఇది ఒక్కసారి వేసుకో."

"పొద్దున చూశాంగా దాని వైభవం."

"నా కోసం."

విసురుగా చేతులు దూర్చి అద్దం వైపు తిరిగింది. చెయ్యెత్తి కాలరు సర్దుకోబోయి ఆగింది. బుగ్గ మీద సోఫా కుట్టు గీత పడి ఉంది. కళ్ళ చుట్టూ వాపు తగ్గింది. భుజాలు నిటారుగా ఉన్నాయి, కోటు వాటి మీద సరిగ్గా కూర్చుంది.

"ఇది పొద్దుటిదేనా?"

"అదే."

"మార్చలేదు కదా?"

"నీ మీదే కప్పి ఉంచాను. ఎవరు మారుస్తారు?"

అద్దంలోంచే నన్ను చూసింది. "ఎలా ఉంది బావా? గంగిరెద్దులా కాదు. నిజం."

"ఇప్పుడు బావుంది. పొద్దున బాలేదు."

"పొద్దున బావుందన్నావు!"

"కోటు బావుంది. నువ్వే బాలేవు. ఆ మాట నోటికి రాక అలా అనేశాను."

తిడుతుందనుకున్నాను. గుండీలు పెట్టుకుంది, ఒకటొకటిగా.

టేపు అమ్మాయే బిల్లు చేసింది. మడతపెట్టే ముందు ఆవిరి ఇస్త్రీతో ముడతలు తీసి, "ఆల్ ది బెస్ట్ మేడమ్," అంది. అంత హడావుడిలోనూ చిట్టి ఆగి ఆ పిల్ల చెయ్యి నొక్కింది. ఆ తర్వాత పరుగే పరుగు. నా మోకాళ్ళు ఆ పరుగు ఎప్పటికీ మర్చిపోవు.

బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. పచ్చ స్వెటర్ పెద్దాయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి డ్రైవరుతో వాదిస్తున్నాడు.

"ఒక సంచీ తగ్గిందయ్యా, చూసుకోనివ్వు!"

"మీ చేతిలో ఉన్నదేంటి సార్?"

"ఇదా? ఇదేనంటావా?" మమ్మల్ని చూడగానే, "ఆఁ, ఇదేలే," అని చకచకా ఎక్కేశాడు. మేము ఆయన వెనకే ఎక్కాం. పక్కనుంచి వెళ్తుంటే నాకు కన్ను గీటాడు.

బస్సు హైవే ఎక్కాక చిట్టి బ్రెడ్డు తింది. సంచీలో కోటు అంచు వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

"రేపు రాత్రి డ్యూటీ చేసి వెళ్తే, ఎల్లుండి ఈ కోటులో మళ్ళీ పొద్దుటి మనిషే ఉంటుంది," అన్నాను.

"తెలుసు."

బయట పొలాల మీద చీకటి పడుతోంది. చాలాసేపు అటే చూసి, ఫోను తీసింది.

"గడియారం, నేనే. ఆఁ, బానే ఉన్నా. నీ పన్ను ఎలా ఉంది? మంచిది." ఫోను రెండో చెవికి మార్చింది. "రేపు రాత్రి నా బదులు నువ్వు చేస్తావా?" అవతల నిశ్శబ్దం. చిట్టి గొంతు వెంటనే తగ్గిపోయింది. "ఏం లేదులే, ఊరికే అడిగా, నీకు కుదరకపోతే..."

నేను తల అడ్డంగా ఊపాను. గంగిరెద్దు మొదటిసారి అడ్డంగా ఊపింది. చిట్టి చూసింది.

"ఊరికే కాదు," అంది ఫోన్లో. "నాకు కావాలి. పడుకోవాలి నేను."

అవతలి గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా ఉంది. "చేస్తానే తల్లీ! ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగావా నువ్వు? నీకు అక్కర్లేదేమో అనుకున్నా."

ఫోను పెట్టేసి చిట్టి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడ్చిందేమో నేను చూడలేదు. ఉద్యోగం సంగతి ఎల్లుండి తేలుతుంది. నేను సంచీ నా ఒళ్ళోకి తీసుకున్నాను, నా పాత పనే కదా. డ్రైవరు లోపలి దీపాలు ఆర్పేశాడు. కొంతసేపటికి ఆమె తల నా భుజం మీదకి వాలింది.

ముందు సీట్లో ఎవరో దగ్గారు. మళ్ళీ దగ్గారు, ఈసారి గట్టిగా. చిట్టి కదల్లేదు.