నూనె రాసిన రికార్డు

పోతురాజుకి ఒళ్లు జలదరించింది. గంగబాబు సంచీలోంచి తీసి చేతిలో పెట్టిన రికార్డు అట్లపెనంలా జిడ్డోడుతోంది. మధ్య కాగితం మీద పసుపు, కుంకుమ. జిడ్డులో రెండు చీమలు చచ్చి ఉన్నాయి.

"ఇదేం పనయ్యా?"

"కొబ్బరినూనండి బాబాయ్‌గారూ. మా చెట్ల కాయేనండి, కల్తీ లేదండి. మెరుస్తది గదాని గంటసేపు రుద్దేనండి," అన్నాడు గంగబాబు, మెచ్చుకుంటాడేమోనని మొహంలోకి చూస్తూ.

ఒకప్పుడు రాజోలు చుట్టుపక్కల పోతురాజు మైకు సెట్టు లేనిదే పెళ్లి జరిగేది కాదు. ఆ వ్యాపారం పోయి ముప్ఫయ్యేళ్లు దాటినా రికార్డు ప్లేయరు మాత్రం ఆయన ముందుగదిలో గుడ్డ కప్పుకుని ఉంది. రికార్డుల దగ్గర ఆయనకి మడి ఎక్కువ. నోటితో ఉఫ్ఫని ఊది తుంపర్లు చల్లేవాళ్లంటే అసహ్యం. పంచె చెంగుతో తుడిచేవాళ్లంటే మరీ అసహ్యం. అప్పడాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. కానీ ఈ నూనె ఉందే, డెబ్బై రెండేళ్ల బతుకులో ఇది మాత్రం చూడలేదు.

"నీ బుర్రనుకున్నావా, నూనె పెట్టి దువ్వడానికి? ఆ గీతల్లోనే గదా పాటుండేది! అందులో నూనె పోసి దుమ్ము మేపేవు. ఛీ!"

"ఆయ్, తప్పేనండి." మస్కట్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి, యాభై దాటినవాడు, బడిపిల్లాడిలా తల దించుకున్నాడు. "మా అమ్మ పాడిందండి. రాజ్యం. నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. గురువారం సంవత్సరీకమండి, చెల్లెళ్లొస్తన్నారు. ఫోనులో ఉన్న వీడియోలన్నీ పక్షవాతం వచ్చేక తీసినవండి, మాటే లేదు. అమ్మ గొంతంటే ఇదొక్కటేనండి, ఆళ్లకి వినిపిద్దామనండి."

రాజ్యం పేరు వినగానే పోతురాజుకి కోపం రెట్టింపైంది. నాటక సమాజం వాళ్లు చందాలేసుకుని మద్రాసు వెళ్లి చేయించుకున్న రికార్డు ఇది. మైకు సెట్టు మూసేసిన రోజున తన దగ్గరున్నదాన్ని ఆవిడకి ఇచ్చింది తనే. ప్లేయరు లేని ఇంట్లో ఆవిడ దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

"నేనిచ్చినప్పుడు అద్దంలా ఉంది. ఇప్పుడు చూడు, ముట్టుకోబుద్ధి కావట్లేదు," అని ఈసడించుకుంటూనే పనికి దిగాడు.

గంగబాబుని పంపి ఇన్వర్టర్ల కొట్టునుంచి బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు తెప్పించాడు. అందులో గిన్నెలు తోమే లిక్విడు రెండే చుక్కలు వేశాడు. కాగితం తడవకుండా పైన డబ్బా మూత అదిమిపెట్టి, మెత్తటి బ్రష్షుతో గీతల వెంటే గుండ్రంగా తిప్పాడు. పచ్చటి మడ్డి దిగింది. మూడుసార్లు కడిగి, ఉత్త నీళ్లతో జాడించి, ఆరేదాకా నిలబెట్టాడు. రెండోవైపూ అంతే. ఒక్కో చీమని తీసినప్పుడల్లా గంగబాబుని ఒక తిట్టు తిట్టాడు.

ముల్లు పెట్టగానే హార్మోనియం కడిగిన ముత్యంలా పలికింది. గంగబాబు రెండు చేతులూ జోడించాడు. తర్వాత రాజ్యం పద్యం ఎత్తుకుంది. ఎత్తుకుందన్నమాటే గాని వినిపించింది గొంతు కాదు, బరబరమని గీకుడు. రాగం పైకి వెళ్లేకొద్దీ గీకుడే మిగిలింది. పద్యం అయిపోగానే మళ్లీ హార్మోనియం నిక్షేపంలా మోగింది.

"చంపేసేనండి," అంటూ గంగబాబు నెత్తి కొట్టుకున్నాడు. "మా అమ్మ గొంతు నా చేత్తో నేనే చంపేసేనండి."

పోతురాజు రికార్డుని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టాడు. అంతా నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో వేలెడు మేర మాత్రం బూడిదరంగు. నూనె ఒక్క పద్యాన్నే వెతుక్కుని పాడుచేయదు. అరిగిన ముల్లు చేస్తుంది ఆ పని. రాజ్యం పద్యం వస్తే ప్రతి పెళ్లిలోనూ జనం వన్స్‌మోర్ అని ఈలలేసేవారు. తను ముల్లెత్తి మళ్లీ అక్కడే పెట్టేవాడు, ఒక్కో రాత్రి అయిదారుసార్లు. కొత్త ముల్లుకి రాజమండ్రి వెళ్లాలి. ఈ ముహూర్తాలు అవనీ అనుకుంటూ మొద్దుబారిన ముల్లుతోనే ఏళ్లు లాగించాడు. గొంతు బొంగురుపోతుంటే సౌండు పెంచాడు.

గురివింద తన కింద నలుపెరగదంటారు. పోతురాజు ఎరుగును. ఇక మోగదని తెలిసే ఆ రికార్డు ఆవిడకిచ్చాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని ఇచ్చిన కాఫీ కూడా తాగాడు. ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది. ఊరుకుంటే చాలు, తప్పు నూనె మీదికే పోతుంది.

"నూనె కాదు బాబూ," అన్నాడు. "నా ముల్లు. నేనే అరగ్గొట్టేను."

గంగబాబు నెత్తి మీద చెయ్యి దించాడు. "అమ్మకిచ్చేటప్పుడే తెలుసాండి మీకు?"

"తెలుసు."

గంగబాబు లేచి రికార్డు తీసుకున్నాడు. అంతసేపూ మాటమాటకీ అండీ అన్న మనిషి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగాడు. బొటనవేలు సరిగ్గా గీతల మీద పడేలా పట్టుకుని పోతున్నాడు. అలా పట్టుకోకూడదని చెప్పడానికి పోతురాజుకి నోరు రాలేదు.